ఎర్ర పాదాల కొంగ

ఇప్పటి వాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో పిట్టను చూడటం ఎంత సులభమో, చూశానని పదిమందికి చెప్పుకోవడం అంత కష్టం. ఇప్పుడైతే పిట్ట కొమ్మ మీద కుదురుకోకముందే దాని ఫోటో, పేరు, చోటు, నిమిషంతో సహా టైమూ ఫోన్లోకి ఎక్కిపోతాయి. చెన్నైలో ఒకరు, బెంగళూరులో ఒకరు "అబ్బ, అదృష్టవంతుడివి" అని బొటనవేలు చూపించేస్తారు. పన్నెండేళ్ల కింద బోగోలు మండలం సముద్రపు ఒడ్డున నా ఫోనుకు సిగ్నల్ అందాలంటే జాలర్ల పాలెంలోని తుపాను షెల్టరు మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, చెయ్యి ఆకాశం వైపు చాపాలి. కింద నుంచి చూసేవాళ్లకు నేను దేవుడికి మొక్కుకుంటున్నట్టు ఉండేదట. (అదీ నిజమే. జాబితా సగం ఎక్కి ఆగిపోతే మొక్కుకోక ఏం చేస్తాం?)

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది కొడవలూరు దగ్గర వరి పండించుకునే ఇల్లు. డిగ్రీ అవగానే ఒక రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం దొరికింది. మోటారు సైకిలు మీద గుంటల వెంట తిరగడం, మేత ఎంత వేశారో, రొయ్య ఎంత పెరిగిందో కనుక్కోవడం, అడిగినా అడగకపోయినా సలహాలు చెప్పడం నా పని. రొయ్యల రైతులకు పిట్టలంటే పడదు. నీటికాకి ఒకసారి మునిగి లేచిందంటే వాళ్ల ప్రాణం విలవిల్లాడుతుంది. గుంటల మీద తాళ్లు కట్టి, మెరిసే రిబ్బన్లు వేలాడదీసి, టపాకాయలు పేల్చి తరుముతారు. నేనేమో అదే గట్టు మీద బైనాక్యులర్ మెడలో వేసుకుని, ఆ తరిమిన వాటినే లెక్క రాసుకునేవాడిని. "రొయ్యలు ఆ అద్దాల్లోంచి కనపడతాయా సార్?" అని ఒక రైతు అడిగితే, కొంచెం కనపడతాయి అన్నాను. ఇంట్లో మాత్రం ఎవరినీ మోసం చేయలేకపోయాను. "కొంగల్ని లెక్కబెట్టేదానికా నాయనా నిన్ను చదివించింది?" అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది.

పిట్టల పిచ్చి ఉన్న మా జిల్లా వాళ్లకూ, చెన్నై వాళ్లు కొందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఎవరు ఏ చెరువుకు వెళ్లినా, ఏ పిట్టలు, ఎన్నేసి చూశారో జాబితా రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఆ లింకు గ్రూపులో పడేయాలి. మామూలు పిట్టలైతే ఎవరూ పట్టించుకోరు. ఈ ప్రాంతంలో ఉండకూడని పిట్ట పేరు రాస్తే మాత్రం నెల్లూరు నుంచి ఒక మెసేజీ వచ్చేది, రెండే మాటలు: "ఫోటో ఉందా?" ఆ రాసేది కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన పెద్దాయన. జిల్లా జాబితాలన్నీ సరిచూసే బాధ్యత ఆయనది. వెనకాల మేమందరం ఆయన్ని ఫోటో మాస్టారు అనేవాళ్లం, ఎదురుగా సార్ అనేవాళ్లం. ఆ రెండు మాటలు చూస్తే చాలు, పరీక్ష హాల్లో చీటీతో దొరికిపోయినంత పనయ్యేది.

నాకు ఆయన దగ్గర మంచిపేరు తెచ్చుకోవాలని ఉండేది. ఎందుకంటే ప్రతి జనవరిలో మా వాళ్లు సముద్రపు ఒడ్డునంతా ముక్కలుగా పంచుకుని నీటిపిట్టల్ని లెక్కపెట్టేవారు. ఒక్కో ముక్క ఒక్కొక్కరి పేరు మీద ఉండేది. ఎవరికి ముక్క ఇవ్వాలో మాస్టారే చెప్పేవారు. నాకు మాత్రం రెండేళ్లుగా ఎవరో ఒకరి వెనక నీళ్ల సీసాలు మోసే పని దక్కేది. రోజూ నేను తిరిగే ఒడ్డు, నా కళ్ల ముందుండే ఒడ్డు, ఇంకొకరి పేరు మీద ఉండటం నాకు గుచ్చుకునేది.

ముక్క ఇవ్వకపోవడానికి కారణం లేకపోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దూరాన తాటిచెట్టు మీద తెల్లపొట్ట సముద్రపు గద్ద కూర్చుని ఉందని ఫోటోతో సహా పెట్టాను. అరగంటసేపు కదలకుండా కూర్చుంది, ఎంత ఓపికో అని వర్ణించాను కూడా. మాస్టారు ఆ ఫోటోను పెద్దది చేసి తిరిగి గ్రూపులో పెట్టారు. అది మట్టకు చిక్కుకున్న తెల్ల సంచి. దాని పొట్ట మీద మా కంపెనీ గుర్తు, పక్కన తూకం, చక్కగా చదువుకునేటట్టు ఉన్నాయి. ఆ రోజు నుంచి గ్రూపులో నా పేరు సంచి గద్ద తమ్ముడు. ఏం రాసినా కింద ఎవరో ఒకరు "తూకం ఎంత తమ్ముడూ?" అని అడిగేవారు. నవ్వినట్టే నవ్వి, గదికి పోయి దిండులో ముఖం పెట్టుకునేవాడిని.

ఇలా ఉండగా ఎండాకాలం వచ్చింది. సముద్రంలో వేట నిషేధం ఉండే రెండు నెలలూ బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కి కూర్చుంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు వలలు, రంగులు వేసుకునేవాళ్లు రంగులు. పాలెంలో నాకు బాగా తెలిసినవాడు సరంగు మావ. (బంధుత్వం ఏమీ లేదు. బోటు నడిపేవాడు కనుక సరంగు, నాకు టీ ఇచ్చేవాడు కనుక మావ.) ఆయన బోటు నీడలో వాళ్లావిడ, నేను అత్త అని పిలిచే ఆవిడ, కాలవలో దొరికిన చేపలు కోస్తూ కూర్చునేది. ఒక సోమవారం పొద్దున ఆ దారిన పోతూ ఉంటే, అత్త విసిరే చేప పేగుల కోసం నాలుగు గజాల దూరంలో ఒక తెల్ల కొంగ నిలబడి కనిపించింది. చూడటానికి చిన్న తెల్ల కొంగే. కానీ చిన్న తెల్ల కొంగకు కాళ్లు నల్లగా, పాదాలు పసుపు సాక్సులు తొడిగినట్టు ఉంటాయి. దీని పాదాలు ఎర్రగా ఉన్నాయి. మామూలు ఎరుపు కాదు, మిరపపండు ఎరుపు. ఆ ఎరుపు కాళ్ల మీదికి కూడా రెండు వేళ్ల మేర పాకి ఉంది.

ఈసారి ఫోటోలు ఒకటి కాదు, నలభై తీశాను. సంచి కాదని రుజువుకు అది నడిచేటప్పుడు కూడా తీశాను. షెల్టరు మిద్దె ఎక్కి, చెయ్యి చాపి, ముప్పావు గంట నిలబడి రెండు ఫోటోలు ఎక్కించాను. సాయంత్రానికి గ్రూపు ఊగిపోయింది. గూడు కట్టే రోజుల్లో కొన్ని కొంగలకు పాదాలు ఎర్రబడతాయని ఒకరు, మరీ ఇంత ఎరుపా అని ఇంకొకరు. చెన్నై నుంచి ఒకాయన, రెండు జాతులు కలిసి పుట్టిందేమోనని ఒక పేజీ రాశారు. కాదు, సముద్రం దాటి వచ్చిన కొత్త జాతి అని మరొకాయన పేజీన్నర రాశారు. తూకం ఎంత అని ఎవరూ అడగలేదు. రాత్రి మాస్టారు దగ్గర నుంచి మెసేజీ వచ్చింది. "ఆసక్తికరం. ఆదివారం వస్తున్నాం." ఆ మూడు మాటల్ని ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు. జనవరిలో నా ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో కూడా ఆ రాత్రే నిర్ణయించేసుకున్నాను.

సరంగు మావకు విషయం చెబితే ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "మా ఆడది పేగులేసి సాకిన కొంగ. దాన్ని చూసేదానికి మద్రాసు నుంచి వస్తుండారా? అయితే వాళ్లకి అన్నాలు ఈణ్ణే," అన్నాడు. పదకొండు మంది మావా అంటే, "పదకొండు మందయితే ఏంది, పదకొండు కొంగలా తినేదానికి?" అని నన్నే తీసిపారేశాడు.

శనివారం సాయంత్రం ఏర్పాట్లు చూద్దామని పాలెం వెళ్లాను. కొంగ బాగా కనపడాలంటే ఎవరు ఎక్కడ నిలబడాలో అడుగులు కొలుస్తున్నాను. మావ బోటును ఆనుకుని ఫోను తీయబోతూ ఉంటే, చెయ్యి పెట్టిన చోట ఏదో గరుకుగా తగిలింది. చూశాను. బోటు ఒంటికి నీలం, అంచుకు ఎరుపు, కొత్తగా వేసిన రంగు. ఆ ఎర్ర అంచు పొడవునా, ఈ కొస నుంచి ఆ కొసకు, వరసగా పాదముద్రలు. ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి. తడి రంగు మీద తీరిగ్గా నడుచుకుంటూ పోయి, మధ్యలో ఒకచోట ఆగి, ఒక కాలితో ఇంకో కాలు గోక్కున్న గుర్తు కూడా ఉంది.

"మావా, ఈ రంగు ఎప్పుడు వేశావు?" అని అడిగాను.

"పోయిన ఆదివారం. ఆరేలోపల కాకులేవో తొక్కి నాశనం చేసినాయి. చూడు, ఎట్ట చేసినాయో!" అన్నాడు మావ.

అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. అప్పటికే చెన్నై వాళ్లు రైలెక్కి ఉంటారు. గ్రూపులో నిజం రాసేయవచ్చు, ఒక్క వాక్యం చాలు. షెల్టరు మెట్ల దాకా వెళ్లాను కూడా. కానీ మెట్టు ఎక్కుతున్నకొద్దీ, ఆ వాక్యం కింద వచ్చే మెసేజీలన్నీ కళ్ల ముందు కనపడ్డాయి. సంచి గద్ద పోయి రంగు కొంగ వస్తుంది, అంతే తేడా. రేపు జనవరిలోనూ నీళ్ల సీసాలే. సగం మెట్ల మీద నుంచి దిగిపోయాను. దిగుతూ ఉంటే ఒక ఆలోచన వచ్చింది. (ఆ వయసులో ఆలోచనలు మెట్లు దిగేటప్పుడే వస్తాయి.) కొంగ పాదాలు ఎర్రగా ఉండటానికి కారణం తెలిపేవి ఆ ముద్రలొక్కటే. అవి లేకపోతే కారణమే లేదు.

ఆదివారం తెల్లారుతూ ఉండగా పాలెం చేరాను. మావ బోటు కింద మిగిలిన ఎర్ర రంగు డబ్బా, కుంచె ఉన్నాయి. గరుకు కాగితంతో ముద్రల్ని రుద్ది, పైన రంగు లాగించడం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు, వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏందబ్బయ్యా, నా బోటుకి నువ్వు రంగు పూస్తుండావు?"

ఉలిక్కిపడి కుంచె ఇసుకలో పడేశాను. తీసి తుడుచుకుంటూ, "పెద్దవాళ్లు వస్తున్నారు కదా మావా, మరకలు బాగుండవని..." అన్నాను. మావ నన్ను చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయేమో అనిపించింది. "కన్నకొడుకులు కూడా ఇట్ట చెయ్యరు. అట్టే ఆ పక్క అంచు కూడా లాగించు నాయనా, ఈ పక్క కొత్తది, ఆ పక్క పాతది అయితే బాగుండదు," అని చెప్పి, పుల్లతో పళ్లు తోముకుంటూ అక్కడే నిలబడి, ఎక్కడ పలచగా పడిందో వేలు పెట్టి చూపించాడు. ఏడింటికి బోటు పెళ్లికూతురిలా తయారైంది. చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఏమీ ఎరగనివాడిలా రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను.

వాళ్లు వ్యాను దిగారు. పదకొండు మంది, మూడు టెలిస్కోపులు, ఫిరంగుల్లాంటి కెమెరాలు. మాస్టారు ముందుగా మావకు నమస్కారం పెట్టి, తర్వాత నా భుజం మీద చెయ్యి వేశారు. అందరినీ నేను కొలిచిన చోట నిలబెట్టాను. అత్త కత్తిపీట ముందు కూర్చుంది. పావుగంట గడిచిందో లేదో, కొంగ వచ్చి ఇసుక మీద వాలింది. పాదాలు ఎర్రగా, ఎండలో ఇంకా ఎర్రగా ఉన్నాయి. కెమెరాలన్నీ ఒక్కసారి కటకటలాడాయి. పేజీన్నర రాసినాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ ఒక్క నిమిషం నేను బతికిన బతుకు మళ్లీ బతకలేదు. నిజంగానే అది కొత్త జాతేమో, రంగు వ్యవహారం కాకతాళీయమేమో అని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

అప్పుడు అత్త పేగులు విసిరింది. ఎక్కడి నుంచో వచ్చిన కుక్క వాటి మీదికి ఉరికింది. కొంగ లేచి, నిదానంగా రెండు రెక్కలు కొట్టి, మావ బోటు అంచు మీద వాలింది. ఒక అడుగు వేసింది. ఆ కాలు పైకెత్తి చూసుకుని, విదిలించింది. ఇంకో అడుగు వేసింది. ఆ కాలూ విదిలించింది. అలా అంచు పొడవునా విదిలించుకుంటూ నడిచి, పక్కనున్న తెల్ల బోటు మీదికి దూకి, దాని మీద కూడా ఎర్రటి అడుగులు వేసుకుంటూ వెళ్లి, సముద్రం వైపు ఎగిరిపోయింది. పదకొండు మందీ టెలిస్కోపుల్లోంచి, కెమెరాల్లోంచి అదంతా చూశారు. ముందుగా నోరు తెరిచింది మావ.

"దీనెమ్మ కడుపు కాలా! కాకులనుకున్నానే! నా బోటు తొక్కినది ఇదా?"

మాస్టారు మెల్లగా బోటు దగ్గరికి నడిచారు. అంచు మీద వేలు పెట్టి, వేలు చూసుకున్నారు. "పచ్చిగా ఉందే. ఎవరు పూశారు?" అని అడిగారు. అడిగింది నన్ను కాదు, ఎవరినీ కాదు. మావ నా ముఖం చూశాడు. నేను చేసింది ఏమిటో, ఎందుకు చేశానో, ఆ ఒక్క చూపులో ఆయనకు తెలిసిపోయిందని నాకూ తెలిసింది.

"నేనే సారూ. తెల్లారుజామున పూసినా. ఈ అబ్బయ్యకి తెలవదు," అన్నాడు.

ఆ మాట కాదని ఉంటే ఈ కథ ఇంకో రకంగా చెప్పుకునేవాడిని. అనలేదు. సిగ్గుతో చచ్చిపోతూ, "అది చిన్న తెల్ల కొంగే సార్. నేనే తప్పు చూశాను. క్షమించండి," అని మాత్రం అనగలిగాను. మాస్టారు తలూపి, "జాబితా నీ చేత్తోనే సరిదిద్దు," అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో పకపకా నవ్వారు, ఆ తర్వాత ఎవరు ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా అందరూ నవ్వారు. అత్త మామిడికాయ వేసి చేసిన పులుసు తిన్నాక చెన్నై ఆయన, కొంగ ఏదైతే ఏంటి, ఈ పులుసు మాత్రం కొత్త జాతి అని తేల్చేశాడు. మావ ఒక్కొక్కరికీ కొసరి కొసరి వడ్డించాడు. నా విస్తరి దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం అన్నింటికంటే పెద్ద ముక్క వేసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం షెల్టరు మిద్దె ఎక్కి, జాబితా దిద్దాను. చిన్న తెల్ల కొంగ, ఒకటి. పాదాలకు పడవ రంగు అంటుకుంది. గుర్తింపు తప్పు, తప్పు నాది. గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు, తప్పు ఒప్పుకోవడానికి ధైర్యం ఉండాలి తమ్ముడూ అని మెచ్చుకున్నారు. ఆశ్చర్యం, జనవరిలో ఒడ్డు ముక్కల పట్టిక వచ్చినప్పుడు అందులో నా పేరు కూడా ఉంది. కింద మాస్టారు రాసిన మాట: "ఈ అబ్బాయి పొరబడితే తానే చెబుతాడు." ఆ వాక్యం చదివి నాకు సంతోషం కలగలేదంటే అబద్ధం. కానీ ఆ సంతోషంలో ఒక ముల్లు ఉండిపోయింది. ఏటేటా నా ముక్క లెక్కపెట్టాను. ఫోటో లేకుండా రాసినా ఎవరూ అడగని స్థితికి వచ్చాను. మాస్టారుకు చూపు మందగించాక, జిల్లా జాబితాలు సరిచూసే పని కూడా నాకే అప్పగించారు. ఇప్పుడు కుర్రవాళ్లు రాసే జాబితాల కింద, ఫోటో ఉందా అని అడిగేది నేనే. అడిగిన ప్రతిసారీ ఆ ముల్లు కదిలేది.

పోయిన నెల ఉండబట్టలేక నెల్లూరు వెళ్లాను. మాస్టారు ఇప్పుడు పిట్టల్ని చెవులతోనే చూస్తున్నారు. మిద్దె మీద కుర్చీలో కూర్చుని, ఏ కూత ఎటు నుంచి వస్తోందో వేలితో చూపిస్తూ ఉంటే మనవరాలు ఫోన్లో రాస్తుంది. ఆ పిల్ల కిందికి వెళ్లేదాకా ఆగి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆ పొద్దున రంగు పూసింది సరంగు మావ కాదనీ, నేనేననీ, ముద్రలు దాచడానికే పూశాననీ. చెప్పి తల వంచుకున్నాను.

"తెలుసులేవయ్యా," అన్నారు మాస్టారు.

"ఎప్పటి నుంచి సార్?"

"వ్యాను దిగినప్పటి నుంచి. నీ ఎడమ చెవి అంతా ఎర్ర రంగు. దగ్గరకు వస్తే కిరసనాయిలు వాసన. ఏంటో అనుకున్నాను, బోటు చూశాక అర్థమైంది. నాకే కాదు, పదకొండు మందికీ తెలుసు. ఒకాయన నీ చెవిని టెలిస్కోపులో కూడా చూశాడు."

కొంగ ఎగిరితే కొంగ, ఉడత తుమ్మితే ఉడత, నిమిషం ఆగకుండా గ్రూపులో పెట్టేసే మనుషులు వాళ్లు. పన్నెండేళ్లలో ఎన్నివేల మెసేజీలు! ఒక్కరైనా, తమాషాకైనా, నా చెవి సంగతి ఎత్తలేదు. "మరి ఎవరూ రాయలేదేం సార్?" అని అడిగాను.

మాస్టారు ఎటో వినిపిస్తున్న కూత వైపు తల తిప్పి అన్నారు. "గూడు ఎక్కడుందో తెలిసినా మనం నెట్‌లో పెడతామా? పెట్టం కదా. పిల్ల ఎగిరేదాకా నోరు మూసుకుంటాం. ఇదీ అంతే."

తిరిగి వచ్చేటప్పుడు బండి రోడ్డు పక్కన ఆపి కాసేపు కూర్చున్నాను. తెల్లారకముందే ఇసుకలో వంగి, లోకాన్ని మోసం చేస్తున్నానని అనుకుంటూ, చెవికి రంగు పూసుకుని, అతి జాగ్రత్తగా బోటు అంచు దిద్దుతున్న ఆ ఇరవై మూడేళ్ల వెర్రివాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, వాడి చుట్టూ అంతమంది కాపలా ఉన్నారని వాడికి ఎవరూ చెప్పలేదు.